కోరికల పటమూ, అభ్యసన శైలులూ

పెద్ద అట్టమీద తాము కోరుకొనే వస్తువుల బొమ్మలు, చేరదలచిన ఉద్యోగాల చిత్రాలు, ఉత్సాహమిచ్చే మాటలు అతికించి, ప్రతిదినం కంటపడేచోట తగిలించుకొనే అలవాటు విద్యార్థులలో కనబడుతున్నది. దీనిని విజన్ బోర్డు అంటారు. తెలుగులో కోరికల పటం అనవచ్చును. 2006లో వెలువడిన రోండా బర్న్ గ్రంథం 'ది సీక్రెట్', అదే పేరుగల చలనచిత్రం దీనికి విశేష ప్రచారం కలిగించినవి. చూచి నేర్చేవారికి బొమ్మల పటం, విని నేర్చేవారికి మాటల రికార్డు, చేసి నేర్చేవారికి చేతిపని అంటూ, ఒక్కొక్కరి అభ్యసన శైలికి ఒక్కొక్క పటాన్ని సూచించేవారూ ఉన్నారు. ఇందులో రెండు వాదాలు కలిసి ఉన్నవి. వాటిని విడివిడిగా పరీక్షించడం అవసరం.

మొదటిది శైలుల వాదం. 1992లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ ప్రకటించిన వార్క్ పద్ధతి చూపు, వినికిడి, చదువు-వ్రాత, చేత అని నాలుగు మొగ్గులను పేర్కొన్నది. 2004లో ఇంగ్లండులో కాఫీల్డ్, ఆయన సహచరులు లెక్కించగా, ఇటువంటి శైలుల పద్ధతులు 71 తేలినవి! ఒక్క విషయానికి ఇన్ని కొలబద్దలుండటమే అనుమానానికి తావిస్తుంది.

ఈ వాదాన్ని తేల్చే పరీక్ష ఏది? 2008లో పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దానిని స్పష్టంగా చెప్పినారు. చూపరులని, వినేవారని విద్యార్థులను విభజించాలి. ప్రతి వర్గంలోను సగంమందికి బొమ్మలతో, సగంమందికి మాటలతో బోధించాలి. అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చూపరులు బొమ్మలతోను, వినేవారు మాటలతోను మిన్నగా నేర్చినప్పుడే వాదం నిలుస్తుంది. ఈ నియమం పాటించిన పరిశోధనలు బహుకొద్ది. వాటిలో కొన్ని వాదానికి వ్యతిరేకంగానే తేలినవి. ఒక పద్ధతి ఇష్టం కావడం వేరు, దానివల్ల బాగా నేర్వడం వేరు. అంధ బాలునికి బ్రెయిలీ లిపి కావాలి. అది అవసరం, శైలి కాదు.

బోధనా మార్గాన్ని నిర్ణయించేది ముఖ్యంగా పాఠ్యవిషయం. పటం లేక భూగోళం రాదు. వినక సంగీతం రాదు. ఓనమాలు నేర్చే పిల్లవాడు ఇసుకలో వ్రేలితో దిద్దుతూ, పైకి పలుకుతూ, కంటితో చూస్తాడు. అతడు ఏ శైలివాడు? మాట, బొమ్మ కలిసినప్పుడు జ్ఞాపకం బలపడుతుందని 1971లో ఆలన్ పైవియో ప్రతిపాదించిన సిద్ధాంతం ఏ ఒక్క వర్గానికో చెప్పినది కాదు.

రెండవది, కోరిక తీరినట్లు చూచుకొంటే అది తీరుతుందన్న వాదం. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ ప్రకటించిన ప్రయోగంలో, కొందరు విద్యార్థులు పరీక్షలో మంచి మార్కులు వచ్చినట్లు, మరికొందరు తాము కూర్చొని చదువుతున్నట్లు రోజూ కొన్ని నిమిషాలు ఊహించుకొన్నారు. చదువును ఊహించినవారే ఎక్కువసేపు చదివి, ఎక్కువ మార్కులు పొందినారు. జర్మనీలో గాబ్రియెల్ ఎటింగెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఉద్యోగం దొరికినట్లు ఎక్కువగా పగటికలలు కన్న పట్టభద్రులకు ఆ తరువాత ఉద్యోగావకాశాలు తక్కువగా వచ్చినవి. కారణం ఊహించదగినదే. ఫలం దక్కినట్లు మనస్సు తృప్తిపడితే, శ్రమకు కావలసిన పట్టు సడలుతుంది.

అంతమాత్రాన పటాన్ని చించివేయనవసరం లేదు; అందులో లోపించినదానిని చేర్చాలి. కోరిక ప్రక్కన దానికి అడ్డువచ్చే లోపాన్ని కూడా వ్రాయాలని ఎటింగెన్ సూచన. ఇది జరిగితే అది చేస్తాను అని ముందే నిర్ణయించుకొనే ఉపాయాన్ని పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించినారు. వైద్యుని బొమ్మ అతికించుకొన్న బాలిక దానిక్రింద, "రాత్రి భోజనం కాగానే సెల్‌ఫోను అమ్మకిచ్చి, భౌతికశాస్త్రం లెక్కలు రెండు చేస్తాను" అని వ్రాసుకొంటే, ఆ పటం పనిలోకి వచ్చినట్లే.

ఇక "మా అబ్బాయి విని నేర్చే రకం, బొమ్మలు వానికి పట్టవు" అనే తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఆ మాటను నమ్మిన పిల్లవాడు రేఖాగణితం రానిచోట అభ్యాసం పెంచడు. తన తీరే అంతని పుస్తకం మూసివేస్తాడు. కోరికల పటంవల్ల పోయేది కొంత కాలం మాత్రమే. ఈ ముద్రవల్ల పోయేది ఒక శాస్త్రమే కావచ్చు.