సెలైన్ చుక్కల లెక్క

"నర్సు కావాలనుంది సార్. నర్సుకు లెక్కలెందుకు?"

తంబళ్లపల్లెలో పదో తరగతికి లెక్కలు చెప్పే నాకు ఏటా ఈ ప్రశ్న తప్పదు. అడిగేది ఎక్కువగా ఆడపిల్లలే. నలుగురికి మేలు చేసే ఉద్యోగమంటే బైపీసీ, లెక్కలు ఇంజనీరింగుకు పోయేవాళ్లవి అని వాళ్లకు గట్టి నమ్మకం.

జవాబుగా బోర్డు మీద సెలైన్ సీసా గీస్తాను. అందులో 500 మిల్లీలీటర్లున్నాయి, నాలుగు గంటల్లో ఎక్కాలి. డ్రిప్ సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. నిమిషానికెన్ని పడాలి? మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు, దాదాపు 42. ఆ తర్వాత సెట్టు మారుస్తాను. పసిపిల్లలకు వాడేదాంట్లో మిల్లీలీటరుకు 60 చుక్కలు. అది గమనించకుండా అవే 42 వదిలితే లోపలికి పోయేది మూడో వంతే. ఏడో తరగతిలో వదిలేసిన అనుపాతం అప్పుడు మళ్లీ అడిగి చెప్పించుకుంటారు.

లెక్కలొక్కటే కాదు, మిగతా పాఠాలూ వైద్యానికి పనికొస్తాయి. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానటోరియం తెరిచేనాటికి టీబీకి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతవరకూ విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలే వైద్యం. ఉక్కపోత లేని ఎత్తు ప్రదేశం, పొడి గాలి చూసి ఆ చోటు ఎంచుకున్నారు. సోషల్ పుస్తకంలోని శీతోష్ణస్థితి పాఠం అక్కడ రోగులకు ఊపిరైంది. తొలి సూపరింటెండెంట్ డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్. టీబీలా కనిపించే ఒక జబ్బులో రోగి రక్తంలో ఇసినోఫిల్ కణాలు మితిమీరి ఉంటాయని ఆయన, బార్టన్ అనే సహరచయితతో కలిసి 1940లో ప్రచురించారు. మైక్రోస్కోపు కింద ఓపిగ్గా కణాలు లెక్కపెడితేనే అది బయటపడేది.

ఇంతకీ అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది తెలుగేనని నా నమ్మకం. టీబీకిచ్చే రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. ముందే చెప్పకపోతే టమాటా తోటలో కూలికి పోయే మనిషి నెత్తురు పోతోందనుకుని మాత్రలు మానేస్తాడు. రెండో నెలకల్లా దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది, అయినా ఆరు నెలలూ మింగాలి. "మందులు క్రమం తప్పక వాడవలెను" అంటే ఆ మనిషికి ఏమెక్కుతుంది? "తాతా, ఒంటేలు ఎర్రగా వస్తుంది, అది మందు రంగే, బయపడొద్దు. దగ్గు పోయిందని ఆపితే లోపలి పురుగు మళ్లీ లేస్తుంది" అని పక్కన కూర్చుని చెప్పాలి. గైడు బట్టీపట్టి తెచ్చుకున్న మార్కులతో ఆ మాట నోటికి రాదు.

అందుకే పిల్లలకు లెక్కలతోపాటు ఇంకో పని కూడా ఇస్తున్నాను. ఇంట్లో మందుల చీటీ చదివి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, తిన్నాకో తినకముందో అవ్వకు చెప్పాలి. మళ్లీ అవ్వ నోటితోనే చెప్పించుకుని రావాలి. ఒకమ్మాయి వాళ్లవ్వ బీపీ మాత్రను తల తిరిగిన రోజు మాత్రమే వేసుకుంటోందని కనిపెట్టుకొచ్చింది. ఆ పిల్లకు లెక్కల్లో వచ్చిన మార్కులకంటే ఇది నాకు పెద్ద సంతోషం.

పరీక్షల ముందు కాలేజీలవాళ్లు కరపత్రాలతో మా బడులకు వస్తారు. అంతకంటే ముందే పీహెచ్‌సీ స్టాఫ్ నర్సునూ, ల్యాబ్ టెక్నీషియన్‌నూ, ఏఎన్ఎమ్‌నూ క్లాసుకు పిలవమని తోటి మాస్టర్లను కోరుతున్నాను. నిన్న ఏ లెక్క వేశారో, ఏ మాట ఎలా చెప్పాలో తెలియక ఇబ్బంది పడ్డారో పిల్లల్నే అడగనిద్దాం.