జవాను చేత మాట్లాడించే నేర్పు

పాత సైనికుడి చేత మాట్లాడించడమూ ఒక పనితనమే. యుద్ధం ఎలా జరిగిందని అడిగితే చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. బూట్లకు పాలిష్ ఎలా పెట్టేవారు, మెస్‌లో ఏం వడ్డించేవారు, ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది.

అమెరికా కాంగ్రెస్ 2000లో చట్టం చేసి, మాజీ సైనికుల జ్ఞాపకాలు సేకరించే పనిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. సేకరించేది మాత్రం మామూలు జనమే. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పదో తరగతి లేదా ఆపైన చదివే విద్యార్థి కూడా మాజీ సైనికుడైన పొరుగింటాయన మాటలు రికార్డు చేసి పంపొచ్చు. రికార్డింగు కనీసం 30 నిమిషాలు ఉండాలి, కత్తిరింపులు కూడవు. అందుకే తడబాటూ మౌనమూ కూడా అందులో నిలిచి ఉంటాయి. అలాంటివారిని వెతకడమూ కష్టం కాదు: పక్కనే డాన్‌విల్‌లో మాజీ సైనికులు కలుసుకోవడానికి ప్రత్యేకంగా మెమోరియల్ భవనమే ఉంది.

మనకూ సైనిక వారసత్వం ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి సైనికులు వెళ్లారు. తాత, తండ్రి, కొడుకు వరసగా యూనిఫాం వేసుకున్న ఇళ్లు అక్కడ ఉన్నాయి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణ అమెరికా సైన్యంలో పనిచేసినవారికే. మన జవాన్ల మాటలు దాచుకోవాల్సింది మనమే. శాన్ రామన్‌లో మనవల దగ్గరికి వచ్చిన తాతగారు ఒకప్పుడు ఫౌజులో ఉంటే, ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డింగు నొక్కి ఎదురుగా కూర్చోండి.