నెలకి 40 డాలర్ల గడువు

మినియాపోలిస్‌లో 14 గదుల ఇల్లు, దానికో కారు షెడ్డు. యజమానులైన బ్లేజ్‌డెల్ దంపతులు కొన్ని గదుల్లో తాముండి మిగతావి అద్దెకిచ్చుకునేవారు. 1928 ఆగస్టులో ఆ ఇంటిని ఒక గృహరుణ సంఘానికి తనఖా పెట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికా షేర్ల మార్కెట్టు కూలింది. ఆ తరవాత దేశమంతటా జరిగిందే వాళ్ల ఇంట్లోనూ జరిగింది. 1932 మే 2న వేలంలో ఇల్లు 3,700 డాలర్ల 98 సెంట్లకి పోయింది. పాడుకున్నది అప్పిచ్చిన సంఘమే.

మిన్నెసోటా రాష్ట్రంలో వేలమయినంత మాత్రాన ఇంటివాళ్లని అప్పటికప్పుడు బయటికి నెట్టరు. పాట సొమ్ము వడ్డీతో కట్టి ఇల్లు విడిపించుకోవడానికి ఆ రోజుల్లో ఏడాది గడువుండేది. బ్లేజ్‌డెల్‌ల గడువు 1933 మే 2తో ముగియాలి. ఏప్రిల్ 18న ఆ రాష్ట్రం ఒక కొత్త చట్టం చేసింది. ఇల్లు విడిపించుకునే గడువుని పెంచమని ఇంటి యజమాని కోర్టుని అడగవచ్చు, కాకపోతే పాత గడువు తీరకముందే అడగాలి అంది. దంపతుల చేతిలో ఉన్నది రెండు వారాలు. అడిగారు.

జిల్లా కోర్టు మొదట చట్టమే చెల్లదని అర్జీ కొట్టేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లుతుందని వెనక్కి పంపింది. అప్పుడు జిల్లా కోర్టు లెక్కలు తీసింది. ఇంటి విలువ 6,000 డాలర్లు, న్యాయమైన అద్దె నెలకి 40 డాలర్లు అని తేల్చి, గడువుని 1935 మే 1 దాకా పొడిగించింది. అయితే 1933 మే నుంచి నెలనెలా ఆ 40 డాలర్లూ కట్టాలి. ఆ సొమ్ము పన్నులకీ ఇన్సూరెన్సుకీ వడ్డీకీ అసలుకీ జమ అవుతుంది. రుణ సంఘం ఊరుకోలేదు, వాషింగ్టన్ దాకా వెళ్లింది. 1934 జనవరి 8న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఇంటివాళ్ల పక్షాన తీర్పిచ్చింది. రాసినవారు ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఇవాన్స్ హ్యూజ్. 1916లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి విల్సన్ చేతిలో ఓడిపోయిన రిపబ్లికన్ నాయకుడు ఆయనే.

న్యాయశాస్త్రం చదివేవాళ్లకి ఇది అత్యవసర పరిస్థితిలో రాజ్యాంగం ఎంత వంగుతుందన్న తీర్పుగా పరిచయం. అది నిజమే కానీ, నన్ను ఆకట్టుకునేది ఆ 40 డాలర్లు. బ్యాంకు మేనేజరు ఎదుట నిలబడి “కొంచెం టైం ఇవ్వండి సార్” అన్న ఎవరికైనా తెలుసు, ఆ మాటలో పస లేదని. ఎంత టైం, ఈలోగా ఏమిస్తావు, మాట తప్పితే ఏం చెయ్యాలి అని అవతలివాడు మనసులో అడుగుతూనే ఉంటాడు. వీటికి జవాబున్నప్పుడే అది అర్జీ, లేకపోతే ప్రాధేయపడటం. మిన్నెసోటా చట్టం ఆ జవాబులన్నీ ముందే రాసిపెట్టింది. హ్యూజ్ తన తీర్పుని వాటిమీదే నిలబెట్టాడు.

ముందు చట్టం పనితనం చూడాలి, ఎందుకంటే తీర్పులో సగం బలం అక్కడిదే. ఆ చట్టం రాసిన రోజులు నెమ్మదిగా రాసుకునే రోజులు కావు. ఆ ఫిబ్రవరిలోనే గవర్నర్ ఫ్లాయిడ్ ఓల్సన్ జప్తు వేలాలు ఆపమని ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. పక్క రాష్ట్రం అయోవాలో ఏప్రిల్ చివర రైతులు ఒక జడ్జిని కోర్టులోంచి ఈడ్చుకెళ్లి, జప్తు కాగితాల మీద సంతకాలు పెట్టనని ప్రమాణం చెయ్యమంటూ మెడకి తాడు తగిలించారు. అంత వేడిలోనూ మిన్నెసోటా శాసనసభ ఎంత చల్లగా రాసిందో చూడండి. అప్పులో ఒక్క సెంటు తగ్గించలేదు. వడ్డీ ఆగలేదు. వేలం చెల్లదనలేదు. ఇంటివాళ్లు గడువులోగా విడిపించుకోలేకపోతే ఇల్లు పాడుకున్నవాళ్లదే అవుతుందన్న పాత నియమం అలాగే ఉంది. మారింది గడువొక్కటే. ఆ గడువు కూడా దానంతటది రాదు. కోర్టుకి వెళ్లి అడగాలి, అద్దె ఎంతో కోర్టు తేల్చాలి, అది కడుతూ ఉండాలి. ఒక్కసారి కట్టడం తప్పినా, ఇంటిని పాడుచేసినా, 30 రోజుల్లో విడిపించుకునే హక్కే పోతుంది. పరిస్థితులు మారితే షరతుల్ని మార్చే అధికారం కోర్టుకుంది. ఇన్ని చేసినా ఏ పొడిగింపూ 1935 మే 1 దాటదు.

ఈ చట్టానికి ఎదురుగా ఉన్నది రాజ్యాంగం మొదటి అధికరణంలోని పదో సెక్షను. ఒప్పందాల కట్టుబాటుని సడలించే చట్టం ఏ రాష్ట్రమూ చెయ్యకూడదని అందులో సూటిగా ఉంది. దానికి తోడు 1843 నాటి బ్రాన్సన్ కేసు. అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్రం ఆస్తి విడిపించుకునేందుకు అదనంగా ఏడాది గడువిచ్చింది, సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పైకి చూస్తే రెండు కేసులూ ఒకటే, మిన్నెసోటా ఓడిపోవాలి.

హ్యూజ్ ఈ చిక్కుని విప్పిన వరసలో ఉంది నేర్పు. ముందుగా తన పక్షానికే కళ్లెం వేసుకుంటాడు. అత్యవసర పరిస్థితి వచ్చింది కదా అని లేని అధికారం పుట్టుకురాదు, ఉన్న హద్దులు చెరిగిపోవు అని తొలి పేజీల్లోనే ఒప్పేసుకుంటాడు. ఉన్న అధికారాన్ని వాడే సందర్భాన్ని మాత్రం అది తేగలదంటాడు. ఎదుటివాళ్ల వాదంలో గట్టి మాటని ఇలా ముందే తన నోటితో అనేస్తే, తరవాత దాన్ని తన మీద విసరడం కష్టం. అనుభవమున్న ప్లీడర్లు చేసే పనే ఇది. హ్యూజ్ తీర్పులో దాన్ని ఎత్తుగడగా కాక పునాదిగా వాడాడు.

తరవాత 1921 నాటి రెండు అద్దె కేసుల్ని ముందుకి తెస్తాడు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత వాషింగ్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఇళ్ల కరువు వచ్చినప్పుడు, లీజు తీరిపోయినా న్యాయమైన అద్దె కట్టే కిరాయిదార్లని ఖాళీ చేయించకుండా చట్టాలు వచ్చాయి, సుప్రీంకోర్టు సమర్థించింది. హ్యూజ్ వాటిని తనఖా కేసు పక్కన పెట్టేసరికి బ్లేజ్‌డెల్‌లు అప్పు ఎగ్గొట్టినవాళ్లలా కాక, అద్దె కడుతున్న కిరాయిదార్లలా కనిపించడం మొదలవుతుంది. ఇది మాటల గారడీ కాదు. నెలకి 40 డాలర్లు నిజంగానే కడుతున్నారు కదా!

ఆ 40 డాలర్లే బ్రాన్సన్ కేసు దగ్గర కూడా పనికొచ్చాయి. పాత తీర్పు తప్పని హ్యూజ్ అనడు. ఇల్లినాయ్ చట్టంలో, పెంచిన గడువు కాలానికి అప్పిచ్చినవాడికి ఆస్తి అద్దె విలువ దక్కే ఏర్పాటే లేదు, ఇక్కడ ఉంది అని చూపించి పక్కకి జరుపుతాడు. మంచి వడ్రంగి మేకు కొట్టకుండా చెక్కలో గాడి తీసి బిగించినట్టు, అడ్డొచ్చిన తీర్పుని విరగ్గొట్టకుండానే దారి చేసుకున్నాడు. అప్పటికి తొంభయ్యేళ్ల నాటి ఆ తీర్పు దాంతో నిలిచే ఉంది, బ్లేజ్‌డెల్‌ల ఇల్లూ ఖాళీ కాలేదు.

నాకు మరీ నచ్చిన చోటు ఇంకొకటుంది. అప్పిచ్చినవాళ్లు ఎవరని హ్యూజ్ అడుగుతాడు. ఎక్కువమంది బీమా కంపెనీలు, బ్యాంకులు, పెట్టుబడి సంస్థలు. వాళ్లకి కాపురముండే ఇల్లు అక్కర్లేదు, దున్నుకునే పొలం అక్కర్లేదు, పెట్టిన సొమ్ముకి భద్రత కావాలి. ఆ భద్రతని చట్టం చెడగొట్టలేదు. ఈ నాలుగు వాక్యాల్లో ధనికుల మీద కోపం గానీ పేదల మీద జాలి గానీ లేవు. రెండు వైపులా ఎవరికేం కావాలో చూసి, ఒకరికి చోటు, ఒకరికి సొమ్ము, ఇద్దరికీ ఒకేసారి ఇవ్వచ్చని తేల్చాడు. అసలు తీర్పు మొత్తంలో బ్లేజ్‌డెల్‌లు మంచివాళ్లని రాయలేదు, వాళ్ల కన్నీళ్లు వర్ణించలేదు. మన దగ్గర ఇలాంటి అర్జీల్లో మొదటి రెండు పేజీలూ పిల్లల చదువులకీ పెద్దల జబ్బులకీ పోతాయి. అవి అబద్ధాలని కాదు. అప్పిచ్చినవాడు వాటిని ఖండించలేడు, ఒప్పుకోనూ అక్కర్లేదు, కాబట్టి వాటి మీద ఏదీ కట్టలేం.

ఇంత మెచ్చుకున్నాక, చెక్క పల్చబడిన చోటు కూడా చూపించాలి. జస్టిస్ జార్జ్ సదర్లాండ్ నలుగురి తరఫున రాసిన అసమ్మతి తీర్పు చరిత్ర విషయంలో హ్యూజ్ కంటే బలమైనది. 1780లలో కూడా ఇలాగే డబ్బు కొరత వచ్చింది, రాష్ట్రాలు ఇలాగే అప్పులవాళ్ల కోసం చట్టాలు చేశాయి, సరిగ్గా అలాంటివి ఆపడానికే రాజ్యాంగంలో ఆ సెక్షను పెట్టారు అంటాడాయన. కష్టకాలం కోసం రాసిన నిషేధానికి కష్టకాలమే మినహాయింపు ఎలా అవుతుంది? దీనికి హ్యూజ్ దగ్గర చరిత్రలోంచి జవాబు లేదు. రాజ్యాంగాన్ని రాసినవాళ్ల కాలానికే కట్టేసి చదవకూడదని, జాన్ మార్షల్ 1819 నాటి హెచ్చరికని గుర్తుచేసి ముందుకి సాగిపోతాడు. ఈ చోట ఆయన వెనక మరో చెయ్యి ఉందని చదివేవాళ్లకి చూచాయగా తెలుస్తుంది. జస్టిస్ కార్డోజో విడిగా ఒక సమ్మతి తీర్పు రాసి, దాన్ని ప్రకటించకుండా పక్కన పెట్టాడు. అందులోని ఆలోచనలు కొన్ని హ్యూజ్ పేజీల్లోకి చేరాయి. కాలం మారితే అర్థం పెరుగుతుందనే ఆ భాగం చదవడానికి హాయిగా ఉంటుంది కానీ, అద్దె లెక్క ఉన్న భాగమంత బిగువుగా ఉండదు.

ఆ బిగువు ఎంత అవసరమో తరవాతి ఏడాదే తెలిసింది. 1935లో ఆర్కన్సా రాష్ట్రం కూడా ఇంటివాళ్లకి గడువులు పెంచి చేసిన చట్టం అదే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ చట్టంలో అప్పిచ్చినవాడికి మధ్యకాలంలో భరోసా లేదు. కొట్టేస్తూ తీర్పు రాసింది ఎవరో కాదు, కార్డోజోనే. మిన్నెసోటాని గెలిపించిన అయిదుగురిలో ఆయనొకడు. ఆ ఏడాదే రైతుల కోసం కేంద్ర కాంగ్రెసు చేసిన దివాలా చట్టాన్ని కొట్టేసిన జస్టిస్ బ్రాండైస్ కూడా ఆ అయిదుగురిలోవాడే. కష్టకాలం అందరికీ ఒకటే, అవతలివాడికి ఏమిస్తున్నామన్న లెక్క దగ్గర తేడా వచ్చింది.

మన వైపుకొస్తే, మన రాజ్యాంగంలో ఒప్పందాల గురించి అలాంటి సెక్షను లేదు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం మిన్నెసోటాలా గడువు దగ్గర ఆగలేదు, పాత వడ్డీల్నే తగ్గించేసింది. మిన్నెసోటా పద్ధతి వాసన మనకి తగిలేది ఇవాళ్టి డెట్ రికవరీ ట్రిబ్యునళ్లలో. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, తరవాత ఇంటి తలుపుకి స్వాధీనం నోటీసు అంటించి, రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, వేయిస్తుంది. అక్కడినుంచి 45 రోజుల్లో ఇంటి యజమాని ట్రిబ్యునల్‌కి వెళ్లచ్చు. మొదట్లో కోర్టు గుమ్మం ఎక్కాలంటేనే బాకీలో 75 శాతం జమ కట్టాలన్నారు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ షరతుని కొట్టేసింది. వినడానికి డబ్బు అడగకూడదు. గడువు ఇవ్వడానికి అడగడం వేరే సంగతి, అది ఇప్పటికీ నడుస్తోంది. బాకీలో ఇంత భాగం ఫలానా తేదీలోగా జమ చేస్తే స్వాధీనం ఆగుతుంది, చెయ్యకపోతే స్టే దానంతటదే రద్దవుతుంది అని రాసే ఉత్తర్వులు మామూలు.

తేడా ఆ ‘ఇంత భాగం’ ఎలా వచ్చిందన్న దగ్గర ఉంటుంది. మన ఉత్తర్వుల్లో అది బాకీ మీద లెక్క. బాకీ పెద్దదైతే గడువు ధర కూడా పెద్దది, అది కట్టగలిగినవాడికి అసలు గడువే అంతగా అక్కర్లేదు. మినియాపోలిస్ జిల్లా కోర్టు బాకీని చూడలేదు. ఆ ఇల్లు ఆ ఊళ్లో ఎంత అద్దెకి పోతుందో చూసింది. అద్దెకుంటే ఎలాగూ కట్టాల్సిన మొత్తం అది, ఇల్లు చేతికొస్తే సంఘానికి రాబోయే మొత్తమూ అంతే.