పరుసవేది చెప్పిన నిజం

సత్యజిత్ రాయ్ పేరు వినగానే 'పథేర్ పాంచాలి' (1955), 'జల్సాఘర్' (1958) స్ఫురిస్తాయి. 1958లోనే విడుదలైన 'పరశ్ పాథర్' మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. హాస్యచిత్రమన్న చులకన భావమే అందుకు కారణం కావచ్చు. కాని ధనం కొనిపెట్టే గౌరవం ఎంత బోలుదో ఇంత సూటిగా చూపిన చిత్రాలు అరుదు.

పరశురామ్ అన్న కలంపేరుతో ప్రసిద్ధుడైన రాజశేఖర్ బసు కథ దీనికి ఆధారం. కలకత్తాలో బ్యాంకు గుమాస్తా పరేశ్ దత్త. ఉద్యోగం ఊడనున్న సమయంలో, ఒక వానరోజున అతనికి గోళీ వంటి రాయి దొరుకుతుంది. అది పరుసవేది, తాకిన లోహమల్లా బంగారమవుతుంది. పాత ఇనుము కొని పసిడి చేసి పరేశ్ శ్రీమంతుడవుతాడు. కారు, కార్యదర్శి, సంఘంలో ప్రతిష్ఠ వరుసగా వచ్చి చేరతాయి. ఆ సంపద ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

ఈ పాత్రకు తులసీ చక్రవర్తిని ఎన్నుకోవడంలోనే దర్శకుని దృష్టి తెలుస్తుంది. చిన్న వేషాలతోనే నటజీవితంలో అధికభాగం గడిపిన ఆయన, 'పథేర్ పాంచాలి'లో కిరాణా దుకాణం నడుపుతూ పాఠాలు చెప్పే పంతులు. ఆ గుండ్రని కళ్లలో మొదట విస్మయం, తరువాత భయం, ఆపైన అహంకారం తొంగిచూస్తాయి. అతడు దురాశాపరుడని మనకు తోచదు. చిరకాలం అణగి ఉన్నవాని తహతహ అది.

చిత్రానికి ఆయువుపట్టు విందు ఘట్టం. ధనికుల నడుమ పరేశ్‌కు ఆహ్వానమైతే ఉంది గాని ఆదరణ లేదు. తాగిన మత్తులో అవమానం పాలై, తన విలువ నిరూపించుకోవడానికి ఒక లోహపు బొమ్మను వారి కళ్లెదుటే బంగారం చేస్తాడు. మరునాటి నుంచి వారికి కావలసింది ఆ మనిషి కాదు, ఆ రహస్యం. రహస్యం కోసం వెంటపడే వ్యాపారి కచాలూగా గంగాపద బసు నటించారు. 'జల్సాఘర్'లో జమీందారు చిన్నచూపు చూసే కొత్త ధనికుడూ ఆయనే. రెండు చిత్రాలనూ కలిపి చూస్తే, నిన్న గుమ్మం దగ్గర నిలబడినవాడే నేడు గుమ్మానికి కాపలా కాస్తున్నాడనిపిస్తుంది.

రహస్యం పొక్కగానే నగరం అల్లకల్లోలమవుతుంది. బంగారం ధర పడిపోతుందన్న భయం అందరినీ కమ్ముతుంది. పసిడి విలువ లోహంలో లేదు, అది పదిమందికీ లేకపోవడంలోనే ఉంది. అర్థశాస్త్ర గ్రంథం చెప్పవలసిన మాటను రాయ్ నవ్విస్తూ చెప్పారు.

ముగింపు మాత్రం కొంత తేలిక. కార్యదర్శి మింగిన రాయి అతని కడుపులో జీర్ణమై, బంగారమంతా తిరిగి ఇనుమవుతుంది. దంపతులు గుండెబరువు దించుకుంటారు. తొలి ఘట్టాల్లోని నిరుద్యోగ భయానికి ఈ నవ్వు సమాధానం కాదు. సంపద మోయలేని భారమని పేదవానికి బోధించడం సులభం. అయినా ఈ లోపం చిత్రాన్ని చిన్నబుచ్చదు. బంగారం ఇనుమైన తరువాత కూడా పరేశ్ ముఖంలో మనిషి మిగిలే ఉన్నాడు; విందుకు వచ్చినవారి గురించి ఆ మాట చెప్పలేము.