రాహుకాలంలో లైను

ఈ వారం నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. పంపినవాడు చిన్నప్పటి స్నేహితుడే, బ్యాంకు మేనేజరుగా రిటైరైనవాడే. స్థానిక ఎన్నికల మాట మళ్లీ ఊళ్లో వినబడుతోంది కదా, దానికి ముందుజాగ్రత్త అన్నమాట. ఏ రాశివారు పోలింగ్ రోజు ఏ వేళకి ఓటేస్తే తాము కోరుకున్న మనిషి గెలుస్తాడో ఓ పట్టిక. మేషం వారు పొద్దున్నే, వృషభం వారు పదిన్నర దాటాక, మా రాశివారు మాత్రం సాయంత్రం నాలుగయ్యేదాకా గడప దాటకూడదట. అడుగున మామూలే, పదిమందికి పంపితే మంచి జరుగుతుందని. వాడికి ఫోన్ చేసి అడిగాను, "ఒరేయ్, ఒకే రాశివాళ్లు ఇద్దరు చెరో పార్టీకీ అదే వేళకి ఓటేస్తే గ్రహాలు ఎవరి పక్షంరా?" అని. "నీకన్నీ వెటకారమేరా" అని పెట్టేశాడు.

పంచాంగమంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లో శంకుస్థాపన దగ్గర్నుంచి స్కూటర్ కొనడం దాకా ముహూర్తం చూడకుండా జరిగింది లేదు. అభ్యర్థులు నామినేషన్‌కి ముహూర్తం పెట్టించుకున్నా నేను నవ్వను. అందులో పంతులుగారి కష్టం ఎవరికీ పట్టదు గానీ, రిటర్నింగ్ ఆఫీసరు నామినేషన్లు తీసుకునేది పగలు 11 నుంచి 3 గంటల వరకే. తెల్లవారుజాము లగ్నం ఎంత దివ్యంగా ఉన్నా పనికిరాదు. ఆ నాలుగు గంటల్లోనే దుర్ముహూర్తం, వర్జ్యం తప్పించి ఓ మంచి ఘడియ వెతికి పెట్టాలి. అభిజిత్తు మిట్టమధ్యాహ్నమే వస్తుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నారు.

ఓటరుకి ముహూర్తం అంటేనే నాకు ఒళ్లు మండుతుంది. 2024 ఎన్నికల పోలింగ్ మే 13, సోమవారం. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. పోలింగ్ మొదలైంది ఏడింటికి. అంటే పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది నడి రాహుకాలంలోనే మీట నొక్కారు, అన్ని పార్టీలవాళ్లూ కలిసే. అంతకుముందు 2019లో పోలింగ్ జరిగిన ఏప్రిల్ 11 చైత్ర శుద్ధ షష్ఠి. 2024 మే 13 వైశాఖ శుద్ధ షష్ఠి. రెండుసార్లూ షష్ఠే. మా రామచంద్రపురం మొదటి షష్ఠికి వైసీపీ నుంచి చెల్లుబోయిన వేణుగోపాలకృష్ణని గెలిపించింది, రెండో షష్ఠికి టీడీపీ నుంచి వాసంశెట్టి సుభాష్‌ని గెలిపించింది. షష్ఠి ఏ పార్టీయో తిథులు లెక్కగట్టేవాళ్లే చెప్పాలి.

ఈ కాలమ్ ఎప్పట్నుంచో చదివేవాళ్లకి నా మొండిపట్టులు కంఠతా వచ్చు. కోటిపల్లి రైలు నిక్కచ్చిగా నడవాలి, పెసరట్టులో ఉప్మా పెట్టకూడదు, ఓటు కాఫీకి ముందే వేసెయ్యాలి. రైలు సంగతి ఈ వారం ఎత్తను. 1928లో వేసి, యుద్ధంలో ఇనుము కావాలని 1940లో పీకేసి, మళ్లీ 2004లో వేసిన లైను అది. ఎత్తానంటే ఈ పేజీ చాలదు. కాఫీకి ముందు ఓటు అనే నియమం మాత్రం నేను కనిపెట్టింది కాదు, మా మేనత్త పెట్టింది.

అత్త మా ఇంట్లోనే ఉండేది. ఓటూ మా ఊళ్లోనే. పేపరు ఓటు రోజులు. ఓ ఎన్నికలప్పుడు కూతురి పురుటికని గోదావరి అవతల ముక్తేశ్వరం వెళ్లింది. ఓటు కోసమని పసిపిల్లనీ బాలింతనీ ఇంకొకరికి అప్పజెప్పి, పొద్దున్నే పంటెక్కి కోటిపల్లి రేవులో దిగింది. అక్కణ్నుంచి బస్సు. ఇంటికొచ్చి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బడి దగ్గరికి వెళ్లేసరికి పన్నెండు దాటింది. నేను పిల్లాణ్ని, చెయ్యి పట్టుకుని వెంట వెళ్లాను. లోపల బల్ల దగ్గర కూర్చున్నాయన జాబితాలో వేలు పెట్టి చూసి, "మీ ఓటు అయిపోయిందండీ" అన్నాడు. అత్తకి అర్థం కాలేదు. "ఇప్పుడేగా వచ్చానూ?" అంది. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. అత్త ఎడంచెయ్యి చాచి, ఆయన మొహం ముందు చూపుడువేలు నిలబెట్టింది. "సిరా ఏదండీ? చూడండి. మీరే చూడండి." పసుపు రాసుకున్న వేలు. గోరు మీద గానీ చర్మం మీద గానీ నల్లచుక్క లేదు. ఆయన వేలు వైపు చూడలేదు. ఏజెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక లైన్లో ఎవరో "కానివ్వండమ్మా, ఎండగా ఉంది" అన్నారు.

అలాంటివాళ్లకి చట్టంలో దారి ఉంది. మన పేరు మీద ముందే ఇంకెవరో ఓటేసి పోతే, మనం మనమేనని నిరూపించుకున్నాక టెండర్ ఓటు ఇవ్వాలి. కాగితం మీద వేస్తాం, దాన్ని విడిగా కవర్లో పెడతారు, కోర్టు అడిగితే తప్ప లెక్కలోకి రాదు. 2018లో విజయ్ 'సర్కార్' సినిమా వచ్చాక ఈ సంగతి కుర్రాళ్లందరికీ తెలిసింది. ఆ రోజు మా అత్తకి తెలీదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. ఇంటికొచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుని, ఇంకెవరితోనూ ఆ మాట ఎత్తకుండా అన్నం పెట్టుకు తింది.

ఆ తర్వాత ఎన్నికలు ఏవైనా సరే, ఆరున్నరకల్లా బడి గేటు దగ్గర అత్త. తాళం తీసేవాడికన్నా ముందు. ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అందరం ఓటేసి వచ్చాకే కాఫీ. 1999 ఏప్రిల్లో లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం 269కి 270తో పడిపోయినప్పుడు స్పీకరు కుర్చీలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. టీవీలో ఆ అంకెలు చూసి మా నాన్న ఒక్క ఓటు, ఒక్క ఓటు అని తల పట్టుకుంటే, అత్త వత్తులు చేసుకుంటూ, "ఆ ఒక్కటీ ఎవరో ముందే వేసేసుంటారు" అంది.

అదీ నా నియమం వెనక కథ. నమ్మకం కన్నా భయం పాలే ఎక్కువ. ఆ భయానికి ఇప్పుడు చోటు బాగా తగ్గింది. జాబితాలో మన బొమ్మ ఉంటుంది, చేతిలో కార్డు ఉంటుంది. ఏడింటికి పోలింగంటే ఐదున్నరకే ఏజెంట్లని కూర్చోబెట్టి మాక్ పోల్ చేస్తారు. కనీసం యాభై ఓట్లు నొక్కి, లెక్క సరిచూసి, మిషన్లో అంకె సున్నాకి తెచ్చి, వీవీప్యాట్లో పడ్డ ఆ చీటీలు నల్ల కవర్లో పెట్టి సీలు వేశాకే తలుపు తీస్తారు. మనం నొక్కిన గుర్తు అద్దం వెనక ఏడు సెకన్లు కనబడి, తెగి డబ్బాలో పడుతుంది. మధ్యాహ్నం వెళ్తే నా ఓటు ఉంటుందో ఉండదో అన్న బెంగ మా వీధిలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

మరి పొద్దున్నే పరిగెత్తడం దేనికి? చల్లగా ఉంటుందని, లైను చిన్నదని. మొదటిది నిజమే. రెండోదాని మీదే ఈ వారం కాస్త లెక్కలేసుకుంటూ కూర్చున్నాను, ఆ మెసేజ్ పుణ్యమా అని.

2024లో రాష్ట్రంలో ఓట్లు పడిన తీరు చూడండి. తొమ్మిదింటికి సుమారు 9 శాతం, పదకొండుకి 23, ఒంటిగంటకి 40, మూడింటికి 55, ఐదింటికి 68. అంటే రెండు గంటలకోసారి పదమూడు నుంచి పదిహేడు శాతం చొప్పున, తొలి రెండు గంటలు తప్పిస్తే రోజంతా దాదాపు ఒకే నడక. మిట్టమధ్యాహ్నం బూత్‌లు ఖాళీగా ఉంటాయని మనం అనుకునేది ఆ అంకెల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే అవి జనం వచ్చిన వేగం చెప్పే అంకెలు కావు, బూత్ మింగగలిగిన వేగం చెప్పేవి. పన్నెండు వందల ఓటర్లున్న బూత్ అనుకోండి, వెయ్యిమంది దాకా వస్తారు. ఏడు నుంచి ఆరు దాకా 660 నిమిషాలు. మనిషికి నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో పేరు చదవాలి, ఏజెంట్లు టిక్కు పెట్టుకోవాలి, సంతకం, సిరా, అసెంబ్లీకి ఒక మిషన్, పార్లమెంటుకి ఇంకో మిషన్, రెండు కూతలు. మిషన్ మొరాయిస్తే, పెద్దావిడ కళ్లజోడు మరిచిపోతే అంతే సంగతులు, నలభై కాస్తా రెండు నిమిషాలవుతుంది. పొద్దున పేరుకున్న లైను ఇక సాయంత్రం దాకా కరగదు.

ఆ మే 13 సోమవారం పొద్దున్న నాతో పాటు లైన్లో నిలబడ్డవాళ్లని తలుచుకుంటే నాకు వేరే సంగతి తట్టింది. ముందున్నది రిటైరైన మాస్టారు. వెనక కాలేజీ గ్రౌండులో వాకింగ్ ముగించుకుని బూట్లతోనే వచ్చిన ఎల్ఐసీ ఏజెంటు. ఆ వెనక ఇద్దరు పెన్షనర్లు. ఆ రోజుకి తొందర పని ఉన్నవాడు మాలో ఒక్కడూ లేడు. పన్నెండింటికి మందుల షాపుకి వెళ్తూ అదే బూత్ దాటి వెళ్లాను. కృత్తిక కార్తె ఎండ. తలల మీద తువ్వాళ్లు కప్పుకున్న ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు, రాత్రంతా హైదరాబాద్ నుంచి బస్సులో కూర్చుని వచ్చి బ్యాగులు కాళ్ల దగ్గర పెట్టుకున్న కుర్రాళ్లు. షామియానా నీడ సగం మందికే సరిపోయింది. పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతుంది, దినకూలీలకి కూడా. అయితే కూలికి పిలిచే రైతు దగ్గరా, ఇళ్లల్లో పాచిపని చేయించుకునే మన దగ్గరా ఆ సెక్షన్ ఎవరు అమలు చేశారు గనక? పొద్దున్న పని ముగించుకుని వచ్చినవాళ్లకి దొరికేది పన్నెండింటి ఎండే. మాస్టారూ, నేనూ, బూట్లాయనా తలా నలభై సెకన్ల చల్లని పొద్దు ముందే వాడేసుకుని ఇంటికెళ్లి కాఫీ తాగుతున్నాం.

ఇక సాయంత్రం వచ్చేవాళ్ల మీద నాకు పాత అనుమానం ఒకటుంది, మీకూ ఉండే ఉంటుంది. మూడు దాటాక పార్టీలవాళ్లు టిక్కులు పడని పేర్లు చూసుకుని ఆటోలు పంపుతారు, బేరం తెగనివాళ్లకి అప్పుడే తెగుతుంది, ఆఖరి గంట లైనంతా ఆ బాపతేనని. కొందరు అలాంటివాళ్లు లేకపోలేదు. కానీ ఐదింటికి 68 అన్న శాతం చివరికి పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 అయింది. పోస్టల్ తీసేసినా ఐదు తర్వాత పన్నెండు శాతం పైచిలుకు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటిందాకా నిలబడి వేశారు. నోటు కోసమే అయితే మనిషి అర్ధరాత్రి దాకా లైన్లో నిలబడడు, తీసుకుని ఇంటికి పోతాడు.

ఆరు కొట్టగానే గేటు మూస్తారు గానీ, అప్పటికి లోపల ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంటుంది. ప్రిసైడింగ్ ఆఫీసరు సంతకం చేసిన చీటీలు పంచుతారు. వాటిని లైను చివర్నుంచి మొదలుపెట్టి ఇస్తారు, తర్వాత వచ్చిన వాడెవడూ వెనక దూరకుండా. అందుకని అందరికన్నా ఆఖరున నిలబడ్డ మనిషి చేతికి వచ్చేది ఒకటో నంబరు చీటీ.

ఆ ఒకటో నంబరు మీద నాకు మనసైంది. ఈసారి స్థానిక ఎన్నికల వేళలు ఎలా పెడతారో చూడాలి. 2021 పంచాయతీలప్పుడు పొద్దున్న ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకే పెట్టారు, నాలుగింటి నుంచి లెక్కింపు. వేళలు ఏవైనా, గేటు మూసే పావుగంట ముందు వెళ్లి చివర నిలబడదామని మా ఆవిడతో అన్నాను.

"మీరు నిలబడండి. నేను ఏడింటికే వెళ్లొస్తాను" అంది.

అదేమిటే, ఇంతసేపూ చెప్పిందంతా విన్నావుగా అంటే, "విన్నానండీ. మధ్యాహ్నానికి హైదరాబాద్ నుంచి పిల్లలు ఓటుకి దిగుతారు. పొద్దున్నే వేసొస్తే గానీ వంట అవదు. మీరు వండుతానంటే చెప్పండి, నేనే చివర నిలబడతాను."

నేనింకా జవాబు చెప్పలేదు.