టాల్బటు శునకము - నామవిచారము

ఆంగ్లదేశపు కులచిహ్నములయందు టాల్బటు అను వేఁటకుక్క ప్రసిద్ధము. తెల్లని మేను, వ్రేలాడు వెడఁద చెవులు దాని లక్షణములు. ష్రూస్‌బరీ ప్రభువుల చిహ్నమున కిరుప్రక్కల నిలుచునది యిదియే. ఈ జాతి 18వ శతాబ్దాంతమునకు నశించినదనియు, 1066లో విజేతయగు విలియము దీనిని నార్మండీనుండి తెచ్చెననియుఁ బెక్కుగ్రంథములు చెప్పుచున్నవి.

ఇందు మొదటి మాట యొప్పఁదగినది. రెండవదానికిఁ బ్రమాణము చాలదు. 1086నాటి డోమ్స్‌డే భూలేఖనమున రిచర్డు టాల్బటు కలఁడు. అది మనుష్యుని పేరు. 14వ శతాబ్దాంతమునఁ జాసరు చెప్పిన కోడిపుంజు కథలో నక్కను దఱుము కుక్కలలో నొకదాని పేరు టాల్బటు. అచ్చటను జాతినామము కాదు. 1444-45 ప్రాంతమున జాన్ టాల్బటు మార్గరెటు రాణికిఁ జేయించిన గ్రంథపుఁ జిత్రమున నాతని వెనుకఁ దెల్లకుక్క నిలిచియున్నది. అది వంశనామమును శ్లేషచేఁ జూపు గుర్తు.

కావున వ్యక్తినామమే కాలక్రమమున జాతివాచక మయ్యెననుట యుక్తము. శబ్దమునకు ద్రవ్య మర్థమని వ్యాడియు, ఆకృతి యర్థమని వాజప్యాయనుఁడును జెప్పిరి. ఈ యొక్క శబ్దము మొదట ద్రవ్యమును, పిదప నాకృతిని బోధించినది.

చిహ్నమందలి రూపము శబ్దమునకు సాక్షి; జంతువు పుట్టుకకు సాక్షి కాదు. గ్రిఫిను సయితము చిహ్నములయం దున్నది, అడవిలో లేదు. అట్లని తెల్లవేఁటకుక్కలే లేవనరాదు. చిత్రమునుబట్టి వాని వంశచరిత్రమును గట్టుటయే దోషము. నశించిన జంతువునకు మిగిలినది పేరును బొమ్మయునే. వానినైన సరిగాఁ జదువుట పరిశోధకుల ధర్మము.