బాణీ, భాష: ‘సువర్ణసుందరి’ యుగళగీత పరిశీలనము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ పక్కపక్కనే వినిపించును. పెనుకొండలోని బాబా ఫక్రుద్దీన్ దర్గా ఈ సాంగత్యమునకు పాత సాక్ష్యము. కావున ఇచ్చటి శ్రోతకు హిందీ చలనచిత్రగీతము కేవలము పరాయిది కాదు. ఐనను ఆ బాణీకి తెలుగుమాట కూర్చునపుడు చిక్కు కలుగును. హిందీలో పదాంతమందలి అకారము ఉచ్చారణలో సాధారణముగా లోపించును, తెలుగు అజంతభాష. హల్లుతో తెగవలసిన చోట అచ్చు సాగును. కొరత పూరించుటకై ‘గా’, ‘లే’ వంటివి వచ్చి చేరును. ఇది కవిలోపము మాత్రమే కాదు. బాణీ ముందును మాట వెనుకను నడచుటవలని ఫలము.

దీనికి ప్రత్యుదాహరణము ‘సువర్ణసుందరి’ (1957). అందు ఆదినారాయణరావు కూర్చిన యుగళగీతము సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగములలో మాలికగా సాగును. ఆ బాణీనే తెలుగున ఘంటసాల, జిక్కి, హిందీచిత్రమున మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడిరి. ఏ భాషయందును అది కృతకముగా తోచదు. స్వరకల్పన పదాంతముపై గాక దీర్ఘాచ్చులపై, ఆలాపనపై, స్వరప్రస్తారముపై నిలుచుటయే కారణము. రాగము ఉభయసాధారణము, పదము విరుగు తీరు ఆయా భాషల సొత్తు.

కావున అనుకరణగీతమును తూచునపుడు బాణీ ఎచ్చటిదని గాక, అందు తెలుగుపదము ఊపిరి తీయగలదా యని అడుగుట న్యాయము. మూడు భాషల నడుమ మెలగు ఈ పట్టణముల శ్రోతలు ఆ పరీక్షకు తగినవారు.